ఎత్తగలిగినంత బరువు

కిందటివారం ఈ పేజీలో మా వంటింటి అటక మీది సామాన్ల భాగోతం రాస్తానని మాటిచ్చాను. మాట తప్పుతున్నందుకు పాఠకులు మన్నించాలి. అటక ఎక్కడికీ పోదు. నా ఎడమకాలి చీలమండకి కట్టు విప్పి వారం దాటింది. నొప్పి పూర్తిగా మరచిపోయేలోగా ఈ కథ చెప్పేస్తే, దాచకుండా చెబుతాననే నమ్మకం నాకే కలుగుతోంది.

నాకు యాభై ఆరేళ్లు. మా ఇంటి కింద ఒక మోటారు సైకిలు వుంది. ఈ రెండు సంగతులూ విడివిడిగా చెబితే ఎవరూ ఏమీ అనరు. ఆ బండి ఎక్కేది నేనేనని చెప్పినప్పుడే జనం నావంకా మా ఆవిడ వంకా మార్చి మార్చి చూస్తారు.

అది మామూలు బండి కాదు. డ్యూయల్ స్పోర్ట్ అంటారు. రెంటికీ చెడ్డ రేవడి అన్న సామెత వినే వుంటారు. ఇది రెంటికీ పనికొచ్చే రేవడి. దీపాలూ, నంబరు ప్లేటూ పెట్టుకుని తారు రోడ్డు మీద బుద్ధిగా పోతుంది. రోడ్డు అయిపోయినచోట మట్టిలోకీ, రాళ్లలోకీ దిగుతుంది. 1968లో జపాను యమహా వారు డి.టి.1 అనే 250 సి.సి. బండిని అమెరికాలో అమ్మకానికి పెట్టిన తరవాత ఈ జాతి బళ్లకి గిరాకీ వచ్చింది. అంతకు ముందు మట్టిదారి సరదా వున్నవాళ్లు మామూలు బండికే అక్కర్లేనివన్నీ ఊడబీకి తృప్తిపడేవారు.

నాది హీరో వారు 2019లో మొదలుపెట్టిన ఎక్స్‌పల్స్ వంశంలోది, 200 సి.సి., నాలుగు వాల్వుల రకం. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 18. అడుగున 220 మిల్లీమీటర్ల జాగా వుంది కాబట్టి రాళ్లు తగలవు. సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు. అంటే నా బోటి పొట్టివాడు కూచుంటే మునివేళ్లు మాత్రమే నేలకి ఆనతాయి. ఈ మునివేళ్ల సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది. బరువు 158 కిలోలు. బుల్లెట్ 350 అయితే 195. ఈ తేడా చూసే నేను దీన్ని కొన్నాను. ఒంటరిగా తిరిగేవాడికి బండి ఎంత వేగంగా పోతుందన్నది కాదు, పడిపోతే తనంత తాను లేవనెత్తుకోగలడా అన్నది ముఖ్యమని చదివాను. చదివిన దగ్గర్నించీ మా ఆవిడకి రోజూ చెబుతూ వచ్చాను.

"ఎప్పుడైనా ఎత్తి చూశారా?" అని ఒకసారి అడిగింది.

"పడితే కదా ఎత్తడం!" అన్నాను. అదీ నా అనుభవం.

నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి విశాఖపట్నంలో బయల్దేరాను. నర్సీపట్నం, లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు. అక్కణ్నించి శృంగవరపుకోట మీదుగా రాత్రికి ఇల్లు. ఇదీ నా పథకం. మొత్తం 330 కిలోమీటర్ల పైచిలుకు. ఒక స్పేరు ట్యూబూ, టైరు విప్పే లివర్లూ, చేతిపంపూ, రెండు సీసాల నీళ్లూ, మా ఆవిడ కట్టిచ్చిన పులిహోరా. గుమ్మం దగ్గర ఆవిడ మూడే ప్రశ్నలు వేసింది. "ఏ దారిన వెళతారు? ఎక్కడెక్కడ ఫోను చేస్తారు? మట్టిరోడ్డు ఎక్కరు కదా?"

మూడోదానికి "ఛ, ఛ" అన్నాను.

అనకాపల్లి దాటి తాళ్లపాలెం దగ్గర పెద్దరోడ్డు విడిచి నర్సీపట్నం దారి పట్టేసరికి తూర్పు తెల్లబడింది. చెరకు తోటల మీద మంచు. హెల్మెట్ లోపల నేను పాట పాడుకుంటున్నాను. ఒంటరి ప్రయాణంలో వున్న గొప్ప సుఖం అదే, ఎవరూ ఆపమనరు. నర్సీపట్నంలో టీ తాగి, డౌనూరు దగ్గర ఘాటు ఎక్కాను. మలుపు మలుపుకీ చలి ఒక చొక్కా విప్పుతున్నట్టుంది. లంబసింగికి కొర్రబయలు అని మరో పేరు. రాత్రి బయట పడుకున్నవాడు పొద్దునకి కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. ఇప్పుడక్కడ బిగుసుకుపోయేంత ఖాళీ లేదు. కార్లూ, మంచులో ఫోటోలు తీసుకునేవాళ్లూ, చలిమంట చుట్టూ కొత్త పెళ్లికొడుకులూ.

మనం సరదాగా ఎక్కే ఈ కొండదారి ఎవరి సరదాకీ వెయ్యలేదు. 1920ల మొదట్లో గూడెం డిప్యూటీ తాసిల్దారుగా వుండిన బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించడానికి కొండవాళ్ల చేత గొడ్డుచాకిరీ చేయించాడు. కూలి సరిగా ఇవ్వలేదు. మన్యం భగ్గుమనడానికి వున్న కారణాల్లో అదొకటి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మొట్టమొదట దాడి చేసింది చింతపల్లి పోలీసు స్టేషను మీదనే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఆ తరవాతి దాడులకి ఫలానా చోటికి వస్తున్నానని ముందుగా కబురు పంపేవాడని, ఆ ఉత్తరానికి మిరపకాయ కట్టి పంపేవాడని చెప్పుకుంటారు. మిరపకాయ టపా అంటే అదే. చింతపల్లిలో ఇడ్లీ తింటూ ఆ సంగతి తలుచుకుని తెగ మురిసిపోయాను. శత్రువుకి కూడా చెప్పి వెళ్లినవాడు! ఆ ఉత్సాహంలో ఇంటికి ఫోను చేశాను.

"తొమ్మిదిన్నరకి బయల్దేరుతున్నా. తారు రోడ్డే. పన్నెండు లోపల పాడేరు నుంచి ఫోను చేస్తా."

జి. మాడుగుల దాటాక కుడిచేతివైపు ఎర్రటి మట్టిదారి ఒకటి చెట్లలోకి దిగుతూ కనిపించింది. సిల్వర్ ఓకు చెట్లు నిటారుగా నిలబడి వున్నాయి, వాటిని పెనవేసుకుని మిరియపు తీగలు, కింద కాఫీ మొక్కలు. కాయలు పండి ఎర్రబడుతున్నాయి. ఈ దారి ఎక్కడికి పోతుందని మేకల్ని తోలుకొస్తున్న ఒక కుర్రాణ్ని అడిగాను. చుట్టు తిరిగి మళ్లీ పాడేరు రోడ్డుకే పోతుందన్నాడు. ఇంకేం కావాలి? ఇలాటి దారి కోసం కొన్న బండి. ఇంటికి ఒక మాట చెబుదామని ఫోను తీశాను. సిగ్నల్ లేదు. వెనక్కి ఒక కిలోమీటరు వెళితే వుంటుంది. ఆ ఒక్క కిలోమీటరూ వెళ్లలేదు. ఈ వారం నేను చెప్పదలచుకున్నదంతా ఆ కిలోమీటరు గురించే.

మొదటి అరగంట స్వర్గం. టైర్లలో గాలి కాస్త తగ్గించాను, మట్టిలో పట్టు దొరకడానికి. పెడళ్ల మీద నిలబడి నడుపుతుంటే బండి కిందనే గెంతులు వేసుకుంటోంది గాని మనిషికి తెలియడం లేదు. తరవాత గెడ్డ వచ్చింది. పిక్కల్లోతు నీళ్లు, అడుగున గుండ్రాళ్లు, రాళ్ల మీద పాచి. గెడ్డ మధ్యలో ఆగకూడదు. ఈ సూత్రం నాకు తెలుసు. అవతలి ఒడ్డు రెండు గజాలుందనగా ముందు చక్రం రాతికి తగిలి ఆగింది. ఎడమకాలు దింపాను. ఇందాక గుర్తుంచుకోమన్నానే, ఆ మునివేళ్లు, వాటికి నేల అందలేదు.

పడడం నెమ్మదిగానే పడ్డాను. ఇంజను ఆగింది. గెడ్డ చప్పుడు తప్ప ఏమీ లేదు. లేవబోతే లేవలేకపోయాను. ఎడమకాలు బండి కింద వుంది. పొగగొట్టం కుడివైపు వుండే బండి కాబట్టి కాలు కాలలేదు. కాని పెట్రోలు వాసన వస్తోంది, పడుకున్న మనిషి ఎంత తోసినా బండి కదలడం లేదు. 158 కిలోలు అంటే మూడు సిమెంటు బస్తాలు. అది తేలికబండి అని నేను ఎవరికి చెప్పానో వాళ్లందరి మొహాలూ గుర్తొచ్చాయి.

భయం అప్పుడు రాలేదు. చేతి గడియారం చూసుకున్నప్పుడు వచ్చింది. పదకొండూ పది. పన్నెండు దాకా నా కోసం ఎవరూ చూడరు. పన్నెండు తరవాత చూసేవాళ్లు కూడా ఇక్కడ చూడరు. మా ఆవిడకి తెలిసిన దారిలో నేను లేను. నేను వున్న దారి నాకు తప్ప ఎవరికీ తెలియదు, ఆ మేకల కుర్రాడికి తప్ప.

పాదం కింది గులకరాళ్లు ఒక్కొక్కటే చేత్తో తవ్వి తీశాను. ఇరవై నిమిషాలు పట్టింది. గుంట లోతయ్యాక బూటు ఒకసారి జారింది, కాలు బయటికొచ్చింది. నిలబడితే చీలమండ భగ్గుమంది.

ఇక లేవనెత్తడం. దానికో పద్ధతి వుంది, మీ ఇంట్లో కుర్రాళ్లకి బళ్లుంటే చెప్పండి. ముందు తాళం ఆపాలి. బండి గేరులోనే వుండాలి, లేకపోతే చక్రం దొర్లుతుంది. బండికి వీపు ఆనించి, గొంతుకూచుని, ఒక చెయ్యి హేండిలు పిడికీ మరో చెయ్యి వెనక కమ్మీకీ వేసి, నడుము వంచకుండా కాళ్ల బలంతో వెనక్కి అడుగులు వేస్తూ లేవాలి. కుడివైపు పడితే సైడు స్టాండు ముందే దింపి పెట్టుకోవచ్చు, ఎడమవైపు పడితే ఆ భాగ్యం లేదు; లేచిన బండి అటువైపు పడిపోకుండా చూసుకోవాలి. చక్రాలు నేలమీదే వుంటాయి గనక మొత్తం బరువు మన మీద పడదు. ఇదంతా నాకు కంఠతా వచ్చు. సామాను విప్పి ఒడ్డున పెట్టి మూడుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లూ పాచి మీద కాళ్లు జారి, బండి మళ్లీ పడుకుంది. నాలుగోసారి చెయ్యలేదు. ఒడ్డున కూచుని పులిహోర పొట్లం విప్పి, తినలేక మళ్లీ కట్టాను.

పన్నెండున్నరకి అవతలి గట్టు మీంచి ఒకామె బుట్టతో కాఫీ కాయలు తీసుకుని దిగింది. వెనక పదేళ్ల కుర్రాడు. ఆమె నన్నూ బండినీ చూసి, ఏమీ అడక్కుండా బుట్ట దింపి, చీర బిగించి నీళ్లలోకి వచ్చింది. ఆమె హేండిలు పట్టుకుంది, నేను వెనక పట్టుకున్నాను, కుర్రాడు చక్రానికి రాయి అడ్డుపెట్టాడు. ఒక్క ఊపున లేచింది. తాళం తిప్పి మీట నొక్కితే రెండోసారికి ఇంజను అందుకుంది. కుర్రాడు హారన్ మోగించి చూస్తానన్నాడు. గెడ్డంతా మారుమోగేలా మోగించాడు.

అప్పుడు అడిగింది ఆమె. "ఒక్కరే వొచ్చినారా బాబూ?"

"ఒక్కణ్నేనమ్మా."

"ఈ దారినొస్తన్నానని ఇంటికాడ సెప్పినారా?"

నేను సమాధానం వెతుక్కుంటున్నాను. ఆమె బుట్ట నెత్తికెత్తుకుంటూ అంది. "మేం తోటకెల్తే గెడ్డకి ఇవతలో అవతలో సెప్పే ఎల్తాం. రాకపోతే ఎక్కడ ఎతకాలో తెలాల గదా."

పులిహోర పొట్లం కుర్రాడి చేతిలో పెట్టాను. అంతకుమించి ఏమనాలో తెలియలేదు.

పాడేరు చేరేసరికి రెండూ ముప్పావు. 2022 ఏప్రిల్ 4న ఆ మహానుభావుడి పేరు మీద జిల్లా ఏర్పడిన తరవాత పాడేరే జిల్లా కేంద్రం. ఊరి పొలిమేరలో ఫోనుకి ప్రాణం వచ్చింది. ఇంటినుంచి పధ్నాలుగు సార్లు పిలిచారని సందేశాలు వరసగా వచ్చి పడ్డాయి. ఫోను చేశాను. అవతల ఒక్క క్షణం ఏమీ వినపడలేదు.

"బతికే వున్నారుగా," అంది మా ఆవిడ. "బస్టాండు దగ్గర కూచోండి. కదలకండి." పెట్టేసింది.

ఎందుకు కూచోమందో మూడుంబావుకి తెలిసింది. నాకు పరిచయం లేని ఒక స్కూలు మాస్టారు, మా ఆవిడ స్నేహితురాలి మరిది, స్కూటరు మీద వచ్చి ఆగాడు. వొంటిగంటకి మా ఆవిడ ఫోను చేసిందట. అన్నం ముందు నుంచి లేచి, చింతపల్లి రోడ్డు మీద జి. మాడుగుల దాటేదాకా వెళ్లాడట. ఊరికే వెళ్లలేదు. ప్రతి మలుపు దగ్గరా బండి ఆపి లోయలోకి తొంగిచూస్తూ వెళ్లాడు. దారిలో కల్వర్టుల కింద కూడా చూశాడు. చొక్కా చెమటతో తడిసి, కళ్లలో దుమ్ము పడి ఎర్రగా వున్నాయి.

"అన్నీ చూశానండీ. మీరు చెప్పిన దారిలో మీరు లేరండీ," అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

టీ తాగుదామన్నాను. తాగాడు. డబ్బులు తనే ఇచ్చాడు.

అరకు వెళ్లలేదు. వలిసె పూలు కొండవాలంతా పసుపు పరిచే రోజులు. వాటి కోసమే ఈ నెల ఎంచుకున్నాను. ఫోను తీసి, "పాడేరు ఘాటు దిగి వడ్డాది, చోడవరం మీదుగా వస్తున్నా. చోడవరంలో ఆరింటికి ఫోను చేస్తా," అన్నాను. చోడవరంలో ఆరుకి పదినిమిషాలు తక్కువగా చేశాను. ఏడూ ముప్పావుకి ఇంట్లో వున్నాను. సుమారు 300 కిలోమీటర్లు.

మా ఆవిడ బకెట్టులో వేణ్నీళ్లు పెట్టింది. కాలు అందులో పెట్టుకుని జరిగిందంతా దాచకుండా చెప్పాను. చెబుతున్నంత సేపూ ఆవిడ బూటు మీది బురద పుల్లతో గీకుతూ కూచుంది. చివర్న అంది.

"మీరు పడ్డారని నాకు కోపం లేదు. మధ్యాహ్నం పటం ముందు పెట్టుకుని ఆ రోడ్డంతా వేలితో వెతికాను. ఏ ఊరు దగ్గర పడివుంటారా అని ఒక్కో ఊరి పేరూ చదివాను. ఆ వేలు పెట్టినచోట ఎక్కడా మీరు లేరు. అది చెయ్యకండి ఇంకెప్పుడూ."

బండి అమ్మెయ్యమంటుందేమో అనుకున్నాను. అనలేదు. మర్నాడు డాక్టరు బెణుకే అని కట్టు కట్టాడు. కట్టు విప్పిన ఆదివారం పొద్దున్నే మా ఆవిడ నన్నూ బండినీ కాలనీ ఆటస్థలానికి తీసుకెళ్లింది. "పడుకోబెట్టండి" అంది. పడుకోబెట్టాను. "ఎత్తండి" అంది. గడ్డినేల కాబట్టి మొదటిసారే లేచింది. "అటువైపు" అంది. అదీ లేచింది. ఈసారి గొట్టం తెచ్చి నేలంతా తడిపించి మళ్లీ ఎత్తమంది. క్రికెట్ ఆడే కుర్రాళ్లు ఆట ఆపి చుట్టూ చేరారు. మూడో ప్రయత్నానికి లేచింది, చప్పట్లు కొట్టారు. ఆవిడ కొట్టలేదు. "తడినేల మీద మూడుకి ఒకటి," అని లెక్క చెప్పింది, మార్కులిచ్చే మేష్టారిలాగ. అంచేత నాకు తడిదారులు నిషిద్ధం. గెడ్డలు సరేసరి.

వలిసె పూలు ఇంకా వున్నాయట. ఈ ఆదివారం అరకు వెళుతున్నాను, తారు రోడ్డు మీద. ఊళ్ల పేర్లూ, టైములూ, ఎక్కడెక్కడ ఆగేదీ ఒక కాగితం మీద రాశాను. దారి మారితే సిగ్నల్ వున్న చోటికి వెనక్కి వచ్చి చెప్పి మరీ మారతానని కింద సంతకం పెట్టాను. సరదాకి ఒక ఎండుమిరపకాయని దారంతో దానికి కట్టి, నిన్న రాత్రి వంటింటి గట్టు మీద పెట్టాను.

మా ఆవిడ కాగితం పూర్తిగా చదివింది. మడిచి పోపుల పెట్టె కింద పెట్టింది. మిరపకాయ తెంపి మూకుట్లో వేసింది.

"చీటీ చాలు," అంది. "ఇది చారులోకి."